పదమూడు గీతలు

స్లాబు పోసిన మర్నాడు పొద్దున్నే అడక్కుండానే సలహాలిచ్చే ముసలాయన వచ్చి, కింద ఆసరాగా నిలబెట్టిన సెంట్రింగ్ కర్ర మీద సుద్దముక్కతో ఒక గీత గీశాడు.

"ఏందయ్యా గా గీత?" మేస్త్రీ సంగమేశ్వర్ గద్దించాడు.

"ఒక దినమైంది బిడ్డా. ఇంక ఇరవై ఏడు."

నారాయణఖేడ్‌లో పాత బడిని కూలగొట్టి, ఆ పెచ్చులనే కంకర చేసి కొత్త గది కడుతున్నాడు సంగమేశ్వర్. పెచ్చులు ముందురోజే నానబెట్టమన్నదీ, సిమెంటు కొంత తగ్గించి బొగ్గుబూడిద కలపమన్నదీ ఈ ముసలాయనే. ఖర్చు తగ్గే మాట ఎవరి చెవికైనా తీపే. విన్నాడు.

"బూడిద కలిపిన స్లాబు నిదానంగ గట్టిపడ్తది. గడువు దాక కర్రలు ముట్టకు."

"సరే సరే, నువ్వు పో."

పోలేదు. రోజూ కంగ్టి బస్సు దిగి రావడం, గీత గీయడం, స్లాబుకు నీళ్లు పట్టడం. కూలి అడగడు. చాయ్ ఇస్తే తాగుతాడు. తిక్క మనిషని అందరూ నవ్వుకున్నారు.

పదమూడో గీత గీసి ముసలాయన నీళ్లకు పోయాడు. అప్పుడే మనూర్‌లో ఇంకో స్లాబు పని తగిలింది. అక్కడికి కర్రలు చాలవు.

"ఇక్కడియి తీయుండ్రి. జల్దీ!" అన్నాడు సంగమేశ్వర్.

నాలుగో కర్ర తీయగానే పైన పటుక్కుమంది. కూలి హన్మమ్మ ఇంకా లోపలే ఉంది.

"బ్యాడప్పా! తీయకుండ్రి!"

వద్దని అరుస్తూనే ముసలాయన బిందె పారేసి లోపలికి ఉరికాడు. హన్మమ్మను బయటికి నెట్టాడు. స్లాబు కూలింది. తను రాలేకపోయాడు.

మధ్యాహ్నానికి కంగ్టి నుంచి ఆయన భార్య చన్నమ్మ వచ్చింది. సంగమేశ్వర్‌కు ఏడుపు కూడా రావడం లేదు. సగం మాటే చెవిన పెట్టి నిండు ప్రాణం తీశానని కుమిలిపోతున్నాడు.

"అవ్వా, తప్పు నాదే. ఆయన చెప్తనే ఉండె. నేనే ఇనలే."

ఆమె పక్కన పడివున్న కర్ర మీది గీతలు వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"మా కొడుకు మీద స్లాబు పడ్డనాడు గూడ పదమూడో దినమే."

సంగమేశ్వర్ ఆ గీతల వైపు చూశాడు. "గా కర్రలు ఏ పాపాత్ముడు తీపిచ్చిండవ్వా?"

చన్నమ్మ గుడ్డ కప్పిన మొగుడి మొహం వైపు చూసింది.

"అప్పుడు మేస్త్రీ ఈయననే బిడ్డా."