సముద్రం మీద పట్టిన టెంకాయ

"పడిందిమా, పడింది! సముద్రం కింద నూనె పడింది!"

పుంగనూరు బస్సు దిగి పరుగెత్తుకొచ్చిన జయచంద్ర చెప్పులు ఎక్కడ విసిరేశాడో అతనికే తెలియదు. సముద్రంలో చమురు వెతికే కంపెనీలో జియాలజిస్టు అతడు. తల్లి కుప్పమ్మ చేట పక్కన పెట్టింది.

"మెల్లిగా సెప్పు నాయనా. మీ నాయన లోపల పండుకోనుండాడు."

మునెప్ప రెండు నెలలుగా అలాగే పడుకుని ఉన్నాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచి, అది నిక్కి నిలబడ్డ చోట నీళ్లున్నాయని చెప్పడం ఆయన విద్య. ఈ కరువులో ఆయన చూపిన బోర్లు వరసగా ఎండిపోయేసరికి జనం మొహం మీదే తిట్టారు. అప్పట్నుంచి గడప దాటలేదు, ముద్ద సరిగ్గా మింగలేదు. ఇలాగే ఉంటే మనిషి దక్కడేమోనని కొడుక్కి భయం.

"నాయనా, లెయ్! పోయినసారి సుద్దముక్కతో నేలమీద గీసింది గుర్తుండాదా?"

"ఏదో సున్నపురాయంటివి."

"అదే! కోట్ల ఏండ్లనాడు సముద్రం అడుగున గవ్వలూ నత్తలూ పేరుకోని రాయైపోయింది. దాని కింద బురద భూమి వేడికి ఉడికి నూనె ఊరల్ల. అది నిలిసేదానికి రాతిలో సందులుండల్ల. పైన బంకమన్ను మూత మాదిరి బిగించుకోనుండల్ల. అన్నీ కుదిరినవి రెండే సోట్లు. యాడ బోరెయ్యాల్నో ఆఫీసులో ఎవురూ తేల్సలేకపోయినారు. నువ్వు ఆ గీతలమీదే టెంకాయ పట్టి ఒకటి అవునంటివి, ఒకటి వొద్దంటివి."

మునెప్ప లేచి కూర్చున్నాడు. "అయితే?"

"అయితే ఏంది! గ్యాసు తన్నుకోనొచ్చి మంట ఆకాశానికి లేసింది. దానెనకాలే నూనె! పెద్ద సార్లు నన్నెత్తుకోని ఎగిరినారు నాయనా!"

"నేను సూపించిన సోటేనా?"

"నీ సోటే!"

ముసలాయన పెద్దగా నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మేయ్, సంగటి పెట్టు! నా తలగుడ్డ యాడుండాది? తినేసి అంగడి దాకా పోయొస్తా."

"మళ్లా టెంకాయ పట్టేదానికా?" అంది కుప్పమ్మ బెదురుగా.

"యాలమే? సముద్రం కిందే సూసినోణ్ణి, ఇంగ సేన్లలో యాల తిరగల్ల? ఈ పొద్దుతో సాలిస్తాండా."

టెంకాయను గడప మీద కొట్టి, ఒక చిప్ప కొడుకు చేతిలో పెట్టాడు. సముద్రంలో నూనె బావి పొంగిన రోజు కూడా జయచంద్రకు ఇంత సంతోషం కలగలేదు. తండ్రి వీధిలోకి అడుగుపెట్టేదాకా చూస్తూ నిలబడ్డాడు.

బోరు వేసింది ఆయన వద్దన్న చోట.