దుప్పటి కప్పిన పలక

"ఏం బాబాయ్, ఎర్రసముద్రం ఒడ్డున ఇంత ఎండలో పలకకి చలిజ్వరమా? దుప్పటి కప్పావు! అందుకేనా పలక పలకడం లేదు?"

ఇసుకగాలి తగ్గాక సోలార్ పలక తుడవడానికి డాబా ఎక్కిన నేను నా మాటకు నేనే నవ్వాను. ముతహ్హర్ బాబాయ్ నవ్వలేదు.

"అరవకురా. మా అబ్బాయి ఇద్రీస్ పడవ మునిగింది. ఎవరూ మిగల్లేదట. మసీదులో చెప్పారు."

నేను తుడుపుగుడ్డ దుప్పటి పక్కన పెట్టేశాను.

"ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. ఈ పలక కరెంటిస్తే ఫోను చార్జవుతుంది, పరామర్శలు మొదలవుతాయి. ఈ ఒక్కపూటైనా మీ పిన్నిని కడుపునిండా తిననీ. పలక కాలిపోయిందని చెప్పు."

కిందికి దిగాను. జుహ్రా పిన్ని తందూరులోంచి జొన్నరొట్టెలు తీస్తోంది.

"పలక కాలిపోయింది పిన్నీ. కొత్తది రావడానికి వారం పడుతుంది."

"మంచిదే అయింది నాయనా. మెల్లిగానే తీసుకురా." మెట్లవైపు చూసి గొంతు తగ్గించింది. "ఇద్రీస్ ఇక లేడని రేవులో ఆడవాళ్లు చెప్పారు. ఫోను మోగితే మీ బాబాయ్‌కి తెలిసిపోతుంది. తెలిస్తే ముద్ద ముట్టడు. ముందు తిననీ."

ఇంతలో బాబాయ్ మెట్లు దిగుతూ గట్టిగా అన్నాడు. "విన్నావటే? పలక పోయిందట!"

"విన్నాలే. ఇద్రీస్ వచ్చాక వాడే కొత్తది కొంటాడు" అంటూ పిన్ని ఆయన ముందు రొట్టె పెట్టింది.

"కొంటాడు, కొంటాడు. ముందు నువ్వు తిను."

"ముందు నువ్వు."

వాళ్లిద్దరి మధ్యా రొట్టె చల్లారిపోతోంది.