అనవసరపు ఖాళీలు

“ప్రతి వరసలో నిలువు గీతకి ఎడంపక్క ముట్టుకోకూడదు. అక్కడ ఖాళీలు తీసేస్తే తేదీ, టైమూ అతుక్కుపోతాయి. కుడిపక్కవి మాత్రమే తీసేయాలి” అని గొణుక్కుంటూ ఆమె కంప్యూటర్లో కోడు రాస్తోంది.

అన్న వెనక నుంచి తొంగిచూశాడు. “ఎవరితో మాట్లాడుతున్నావే?”

“నాతోనే. నాన్న పోలిక.”

నాన్న పోయి తొమ్మిది రోజులైంది. ముప్పై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి. మాటకీ మాటకీ మధ్య ఒక్క ఖాళీయే ఉండాలి. రెండు పడ్డాయా, స్కేలుతో కణుపుల మీద ఒక్కటిచ్చేవాడు. కన్నకూతురని కూడా చూసేవాడు కాదు. “బొటనవేలికి ఖాళీలు కొట్టే పొడుగు మీట తప్ప వేరే పని లేదు” అని రోజుకు వందసార్లు చెప్పేవాడు. ఆమె వేళ్ళ వేగం చూసి తూనీగ అని ముద్దుపేరు పెట్టిందీ ఆయనే. పదేళ్ళ తూనీగ టైపు మిషను ముందు కూర్చున్న ఫొటో ఆయన మంచానికి ఎదురుగా గోడ మీద ఇప్పటికీ ఉంది.

ఆ తూనీగే ఒకరోజు “మీ మిషన్లు ఇక పాత ఇనుముకే నాన్నా” అనేసి కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉండేది. ఆరేళ్ళు మాటల్లేవు. పక్షవాతంతో ఆయన నోరు పడిపోయాక రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెనక్కి తిరిగింది. ఆ తప్పుకి ఎన్ని స్కేలు దెబ్బలైనా చాలవు.

చివరి నాలుగు నెలలూ ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే కదిలాయి. చేతికింద కీబోర్డు పెట్టారు. కొట్టిందల్లా తేదీ, టైముతో సహా కంప్యూటర్ ఫైలులో చేరేది. చూపుడువేలితో ఒక్క అక్షరం కొట్టడానికే చెమటలు పట్టేవి. అందుకని పగలంతా ఆయన్ని చూసుకునే నర్సు ఒక్కో మాటకి ఒక్కో అక్షరం పెట్టింది. ‘న’ అంటే నీళ్ళు. ‘ద’ అంటే దుప్పటి. ‘ప’ అంటే పెద్దోడు, అంటే అన్న.

ఆ ఫైలు అచ్చు తీసి దాచుకుందామని అన్న ఆశ. తీరా చూస్తే పేజీలకు పేజీలు తెల్లగా ఉన్నాయి. ఇరవై ముప్పై ఖాళీల తర్వాత ఎక్కడో ఒక అక్షరం.

“బొటనవేలు పట్టు తప్పి పడిపోయేదేమో పాపం” అన్నాడు అన్న.

“ఇవి చూస్తే ఆయన్ని ఆయనే స్కేలుతో కొట్టుకునేవారు” అందామె. ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

కోడు నడిచింది. తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి.

‘తొలగించిన అనవసరపు ఖాళీలు: 4,312. పాత ఫైలు మీదే సేవ్ చేయాలా?’

“ఉండు, ముందు ఒకటి వెతకనీ” అని ఆమె ‘త’ కొట్టింది. సున్నా. ‘తూ’ కొట్టింది. సున్నా. ‘ప’ కొడితే ముప్పై ఒకటి.

“నేను రోజూ వస్తుండేవాణ్ణి కాబట్టి పిలిచారే” అన్నాడు అన్న. ఓదార్పుగానే అన్నాడు కానీ, పుండు మీద కారం చల్లినట్టయింది.

“క్షమించకపోయినా ఫర్వాలేదన్నయ్యా. ఒక్కసారి తలుచుకున్నా చాలనుకున్నాను.”

కళ్ళు తుడుచుకుని సేవ్ నొక్కబోతుండగా తలుపు చప్పుడైంది. ఇంటి తాళంచెవి తిరిగి ఇచ్చిపోదామని నర్సు వచ్చింది. లోపలికి వస్తూనే ఆమెనూ, గోడ మీది ఫొటోనూ మార్చి మార్చి చూసింది.

“ఫొటోలో పాప మీరే కదూ?”

“నేనే.” ఇంక ఆగలేక అడిగేసింది. “అందరికీ అక్షరాలు పెట్టారు కదా సిస్టర్, నాకేం పెట్టారు?”

“మీకు అక్షరం పెట్టనివ్వలేదమ్మా. ఫొటో చూపించి ఒక్కో అక్షరమే అడిగాను. అన్నింటికీ కళ్ళతోనే వద్దన్నారు.”

ఆమె తల వాల్చేసింది. అన్న వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. నర్సు తెర మీది అంకె వైపు చాలాసేపు చూసి, మెల్లగా కీబోర్డు మీద చెయ్యి పెట్టింది.

“ఆ పొడుగు మీట మీ పేరమ్మా.”