తలుపు కింద సందు

మావయ్యగారి గది తలుపు కింద సందు మూయడం ఇది మూడోసారి. ఏసీ చల్లదనం హాల్లోకి పోకుండా పాత జీన్సు కాలు కత్తిరించి, రంపపు పొట్టు కూరి, గొట్టంలా కుట్టి తలుపు అడుగున అతికించాను. గంట తిరక్కుండానే చేతికర్రతో ఊడబెరికేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"కరెంటు ఆదా అవుతుందని నేను చచ్చీచెడీ కుడితే, మీరిలా పీకేస్తే ఎలాగండీ? లోపల ఉక్కగా ఉంటోందా?"

"లేదమ్మా, చల్లగానే ఉంటోంది."

"మరింకేంటి మీ బాధ?"

ఆయన సందు వైపు చూశారు.

"అది పెడితే నువ్వూ అబ్బాయీ పోట్లాడుకునేది వినపడట్లేదు."

"అది విని ఏం బావుకుంటారు మావయ్యగారూ?"

"ఈ గదిలోకొచ్చే మాటలు అవేనమ్మా."