ఏడో బోనులోది

"ఏడో బోనులోది బాగలేదమ్మా," అన్నాడు వరదప్ప.

నివేదిత తల ఎత్తలేదు.

వేలూరులోని ఆ పరిశోధనశాలలో చిట్టెలుకలకు డెంగీ వైరస్ ఎక్కించి, జబ్బు ఏ ఘడియలో ముదురుతుందో పట్టుకోవడం ఆమె పని. రెండేళ్లుగా ఎలుకలు చస్తూనే ఉన్నాయి. ఆ ఘడియ మాత్రం చిక్కడం లేదు.

బోన్లలో ఊకపొట్టు మార్చడం వరదప్ప పని. రోజూ గుడియాత్తం నుంచి మొదటి బస్సుకు వస్తాడు.

"జ్వరం దిగింది కదన్నా. కోలుకుంటా ఉండాది," అంది నివేదిత.

"దిగినాకే చూడాలమ్మా. మూలకి పోయి వెంట్రుకలు లేపుకోని కూర్చోనుండాది. కష్టపెట్టొద్దు, సూదేసి నిద్రపుచ్చేయండి."

"రేపు దాని రక్తం కావాల నాకు. నీ పని నువ్వు చూడు."

పని అయిపోయినా అతను ఇంటికి పోలేదు. ఆఖరి బస్సు వేళ దాకా ఆ బోను పక్కనే కూర్చున్నాడు.

తెల్లారి వచ్చేసరికి ఎలుక బిగుసుకుపోయి ఉంది. రక్తం తీయడానికి లేదు.

"దాన్ని ముట్టుకున్నావా?"

"లేదమ్మా. ఊరికే చూస్తా కూర్చున్నా."

"ఎవురు కూర్చోమన్నారు నిన్ను?"

నిద్ర చాలని కోపంలో ఆమె ఆఫీసుకు ఫిర్యాదు రాసిచ్చింది. కాంట్రాక్టు మనిషి కదా, నెలాఖరుకు మానిపించారు. వెళ్లే రోజు బోన్లన్నిటికీ కొత్త పొట్టు పోసి వెళ్లాడు.

ఆరు నెలలు గడిచాయి. ఎలుకలు అలాగే చస్తున్నాయి. ఇప్పుడు ముందుగా చెప్పేవాళ్లు లేరు.

మనిషికి జ్వరం దిగినాకే గండమని నివేదిత చదువుకున్నదే. ఎలుకలో ఆ గండాన్ని చూసే కన్ను ఆమెకు లేదు. వరదప్ప "బాగలేదు" అన్నవాటిని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ఒక్కటీ మర్నాటికి బతకలేదు.

ఆ ఆదివారం గుడియాత్తం బస్సెక్కింది.

ఇంటి నడవలో మగ్గం ఖాళీగా ఉంది. వరదప్ప భార్య కాంచన కండెలకు నూలు చుడుతోంది.

"వాంగమ్మా, రాండి, కూర్చోండి."

"అన్న ఉండాడా? పనికి మళ్లీ పిలుచుకోని పోదామని వచ్చినా."

"ఆయన పోయి నెలయిందమ్మా. గుండెనొప్పి."

నివేదిత గడప మీదే కూలబడింది.

"చూస్తానే చెప్పేసేవాడు. జబ్బు గురించి ఆయనకి అంత ఎట్ల తెలుసు?"

కాంచన చేతిలో రాట్నం ఆగింది.

"మా చిన్నమణి పక్కన ఆరు దినాలు కూర్చున్నాడు కదమ్మా, ఆస్పత్రిలో. ఎనిమిదేండ్ల బిడ్డ, డెంగీ జ్వరం దిగినాకే పోయింది. దాని రక్తంలో దొరికిన పురుగునే మీరు ఎలుకలకి ఎక్కించేది. మీ పెద్ద డాక్టరు అడిగితే ఈయనే సంతకం పెట్టి బిడ్డ రక్తం ఇచ్చినాడు, మగ్గం వదిలేసి ఆ పురుగు కూడానే మీకాడికి పనికి వచ్చినాడు."