పుంజుల మధ్య తడిక

పిచ్చుకమ్మా,

మన పెరట్లో పుంజులు రెండూ మళ్లీ కొట్టుకున్నాయి. ఎర్రది మీ మామయ్య పక్షం, తెల్లది నా పక్షం.

ఒకదాన్నొకటి చూసుకోకపోతే కొట్టుకోవు కదా అని మధ్యలో తడిక కట్టి, సందుల్లోంచి కనబడకుండా గోనెసంచి కూడా వేలాడదీశాను. పెట్టల్ని చెరి సగం పంచాను. అయినా తెల్లారేసరికి రెండూ ఒకే వైపు ఉంటున్నాయి.

ఇవాళ మీ మామయ్య చీపురు పట్టుకుని వాటి మధ్యలోకి దూకారు. "ఏమే, తడిక కట్టడం కూడా చేతకాదా నీకు?"

"మీ ఎర్రదానికే పొగరెక్కువ."

"పొగరు కాదే, పౌరుషం! నీ తెల్లది అచ్చం నీలాగే, ఈకలన్నీ రాలినా నోరు మూయదు. రేపు ఒకదాన్ని అమ్మిపారేస్తా!"

"అయితే ఎర్రదాన్నే అమ్మండి."

"దాని జోలికొచ్చావో, చూడు!"

ఆ తడిక ముడి రోజూ తెల్లవారుజామున విప్పుతున్నది నేనే, తల్లీ. ఆయనతో అనకు. మన అబ్బాయి పోయిన దగ్గర్నుంచి ఆ మనిషి నోట మాట లేదని నీకూ తెలుసు. పుంజులు మొదటిసారి కొట్టుకున్న రోజున నన్ను తిట్టారు. అప్పటినుంచి రోజూ తిట్టించుకుంటున్నాను. నిన్న తిట్టి తిట్టి ఆకలేసి, మారు అన్నం అడిగి పెట్టించుకున్నారు.

నువ్వు పుట్టింట్లో కంచం ముందు కూర్చుని ఊరికే లేచిపోతున్నావట, మీ అమ్మ చెప్పింది. నిన్ను తిడదామంటే నా గొంతు అంతదూరం రాదు. కడుపు నిండా తిను.