మరియ తల్లికి రాసిన నూనె

బంగళా వాళ్ళు ఆనీ ఊపిరి తీసుకున్నారు. బదులుగా ఎస్టేటు చర్చికి ఒక పాత బొమ్మ ఇచ్చారు.

రేమండ్‌కు తెలిసిన బంగళా చరిత్ర అంతే.

ఆనీ అతని భార్య. మలేషియాలో బటాంగ్ బెర్జుంటై ఊరి అవతల పామాయిల్ తోటలో గడ్డిమందు కొట్టీ కొట్టీ, ఏళ్ళ తరబడి దగ్గి పోయింది. బంగళా ఎప్పుడో కూలింది. చర్చి మిగిలింది. చర్చిలో, చెక్క మీద రంగులతో గీసిన మరియ తల్లి బొమ్మ మిగిలింది. తాళంచెవి రేమండ్ దగ్గర మిగిలింది.

ఎస్టేటు ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. పనికి పోయే ముందు బొటనవేలు కొబ్బరినూనెలో ముంచి తల్లి పాదాలకు రాసేవారు. వేలికి మిగిలిన తడి నుదుటికి రాసుకునేవారు. కిరస్తానీ వేదంలో కలిసినా, అమ్మోరికి రాసిన చెయ్యి ఊరుకుంటుందా?

తరాల నూనె, కొవ్వొత్తుల పొగ కలిసి బొమ్మ నల్లటి నీళ్ళ అడుగున ఉన్నట్టయింది. ముఖం మాత్రం మబ్బు వెనక చంద్రుడిలా తేలేది.

పాదాల దగ్గర ఒక వేలిముద్ర గట్టిపడిపోయి ఉంది. అడ్డంగా కొడవలి గాటు. ఆనీ వేలు.

రేమండ్ రోజూ దాన్ని చూసుకునేవాడు. ఆనీది అతనికి ఇంకేమీ మిగల్లేదు.

ఒక మధ్యాహ్నం కారు దిగి ఒక తెల్ల ముసలామె వచ్చింది. చేతికర్ర మీద ఆగి ఆగి నడుస్తోంది. బొమ్మ చూడవచ్చా అని మలయ్‌లో అడిగింది.

పక్కింటి లెచ్చుమి గుమ్మంలోంచే నవ్వింది.

"ఏటి బావా, తెల్లమ్మ సంబంధం మాటాడ్డానికి వచ్చినాదేటి?"

"నీ పని సూసుకో లా," అన్నాడు రేమండ్ అక్కడి యాసలో, తాళం తీస్తూ.

పాత బొమ్మలు కొని అమ్ముకునే మనిషి అయివుంటుందనుకున్నాడు.

ఆమె ముందు బెంచీ మీద కూర్చుంది. ఎవరూ అడగకుండానే, నిద్రలో మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయింది.

ఇటలీలో మోంతెసాల్వి అని ఒక దొరల వంశం. ఐదు వందల ఏళ్ళ కిందట ఆ ఇంటి పెద్దకు భార్య పోయింది. చిత్రకారుణ్ణి పిలిచి, మరియ తల్లికి నా భార్య ముఖం పెట్టు అన్నాడట. ఆ ఒక్క బొమ్మకు తోడుగా కొడుకులు కొన్ని కొన్నారు, మనవలు ఇంకొన్ని కొన్నారు. కోట గోడలన్నీ దేవదూతలతో, గుర్రాలతో, ద్రాక్షగుత్తులతో నిండాయి. ఆ తర్వాత యుద్ధాలు, వరదలు. కప్పు కారితే ఒక బొమ్మ అమ్ముడుపోయేది. పిల్లకు పెళ్ళి చేస్తే ఒక బొమ్మ పోయేది. చివరికి అన్నిటికన్నా ముందు గీసిందే మిగిలింది. రబ్బరు నాటడానికి ఓడెక్కిన చిన్నకొడుకు దాన్ని ఇక్కడి బంగళాకు వెంట తెచ్చుకున్నాడు.

బయట వాన పట్టింది. రేమండ్ కళ్ళు మూతలు పడ్డాయి.

ఆ కోటలో పొడవాటి గది. ఆనీ నడుస్తోంది. వీపున మందుడబ్బా ఉంది గాని దగ్గు లేదు. ఒక్కొక్క బొమ్మ ముందూ ఆగి, నువ్వెవరి ఆడకూతురివమ్మా అని పలకరిస్తోంది. గోడల మీది ఆడవాళ్ళు పక్కకు జరిగి ఆమెకు చోటిస్తున్నారు.

"ఈ పాదాలకు నూనె ఎవరు రాస్తారు?"

రేమండ్ ఉలిక్కిపడి లేచాడు. ముసలామె బొమ్మ దగ్గర వంగి ఉంది. ముద్రను ముట్టుకోలేదు. చూస్తోంది.

బొమ్మ పాడుచేశారని నేరం మోపుతుంది, అనుకున్నాడు. ఆనీ పేరు అడుగుతుంది. తుడిపించేస్తుంది.

"ఎవరూ రాయరు. పాత మురికి," అన్నాడు.

"దీనికి మొక్కేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? ఒక్కరు చాలు."

"లేరు. ఈ గడప తొక్కేవాళ్ళే లేరు."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది, ఇంకో మాట వస్తుందేమోనని. రేమండ్ తాళంచెవులు గలగలలాడించాడు.

ఆమె వానలోనే వెళ్ళిపోయింది. గొడుగు ఇద్దామని అతనికి తోచలేదు.

ఆ ఏడాదే వ్యాను వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకున్నవాళ్ళు బొమ్మను దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుపోయారు. రేమండ్ అడ్డం నిలబడ్డాడు. బొమ్మ గలవాళ్ళే మ్యూజియానికి ఇచ్చారని చెప్పి, మర్యాదగానే పక్కకు తప్పించారు.

వానలు వెళ్ళాక అతని కూతురు షెర్లీ క్లాంగ్ నుంచి వచ్చి, తండ్రిని కౌలాలంపూర్ మ్యూజియానికి తీసుకెళ్ళి ఆ బొమ్మ చూపించింది.

బాగా కడిగారు. నీలం కొంగు, బంగారు అంచు, పాలలాంటి పాదాలు. పాదాల మీద ఏమీ లేదు. ముఖం ఎవరో పరాయి ఆడమనిషిది.

షెర్లీ అక్కడి ఉద్యోగినితో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చేటప్పుడు కారు నడుపుతూ చెప్పింది.

"డాడీ, మన గుడికి ఒక తెల్ల లేడీ వచ్చినాదంట కదా. మోంతెసాల్వి ఇంట్లో ఆమే ఆఖరు. బొమ్మ ఆమెదే, గుడిలో ఉంచడానికే ఇచ్చినారంట. మ్యూజియం వాళ్ళు ఎన్నో ఏళ్ళు అడిగినారంట, ఇవ్వలేదు."

రేమండ్ జేబులో తాళంచెవి తడుముకున్నాడు.

"మొక్కేవాళ్ళు ఒక్కరున్నా తియ్యకూడదు, నూనె తుడవకూడదు అని పట్టుబట్టినాదంట. ఒళ్ళు బాగోలేకపోయినా అది కనుక్కోడానికే అంత దూరం వచ్చినాది. ఇటలీ పోయినాక సచ్చిపోయినాది, పాపం."

పామాయిల్ చెట్లు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి.

"మొక్కేవాళ్ళు ఎవరూ లేరని ఇక్కడోళ్ళే చెప్పినారంట. ఎవరు చెప్పినారు డాడీ?"

రేమండ్ కిటికీ అద్దం పైకెత్తాడు.

"ఆ మాట ఇంకెప్పుడూ నా కాడ ఎత్తకు," అన్నాడు.

తనూ ఎత్తలేదు, పోయేదాకా.